8 పెద్దదా, 24 పెద్దదా?

మొన్న ఒక చిన్న పని పడి సీడీ డ్రైవ్ కొనడానికి వెళ్లాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ ట్రే ఉండదు కదా, బయటి నుంచి యూఎస్‌బీ వైరుతో తగిలించే పలచటి డీవీడీ రైటర్ కావాలి. షాపు కుర్రాడు లోపలికి వెళ్లి ఎక్కడో అడుగున ఉన్న పెట్టె ఒకటి తీసి, దుమ్ము దులిపి, "లాస్ట్ పీస్ అంకుల్" అన్నాడు. పెట్టె మీద రెండు అంకెలున్నాయి. సీడీకి 24ఎక్స్, డీవీడీకి 8ఎక్స్.

"బాబూ, ఈ రెండింట్లో దేని స్పీడు ఎక్కువ?" అని అడిగాను. తెలియక కాదు. ఇరవై ఏళ్లుగా కనిపించినవాడినల్లా ఇదే అడుగుతున్నాను. అదొక వ్యసనం.

కుర్రాడు జాలిగా చూశాడు. "24దే అంకుల్."

తోడు వచ్చిన మా బావమరిది కూడా, "ఇందులో అడగడానికి ఏముంది బావా, 24దే" అన్నాడు.

కాదు. 8ది ఎక్కువ. కాస్తో కూస్తో కాదు, మూడు రెట్లు ఎక్కువ. ఒకటో తరగతి నుంచి పంతుళ్లు చెవి మెలిపెట్టి మరీ నేర్పిన లెక్కలన్నీ ఆ అట్టపెట్టె ముందు చెల్లవు.

ఎక్స్ అంటే రెట్లు. అంతవరకు అందరికీ తెలుసు. దేనికి రెట్లు అన్నదే ఎవరూ అడగరు. 1982లో సీడీ వచ్చింది పాటలు వినడానికి. పాట పాటలా వినిపించడానికి సీడీ ఎంత వేగంగా తిరగాలో అది 1ఎక్స్. అదే పళ్లెంలో పాటకు బదులు కంప్యూటర్ ఫైళ్లు పెడితే ఆ వేగంలో సెకనుకు 150 కిలోబైట్లు వస్తాయి. కనుక 24ఎక్స్ అంటే 3,600. తర్వాత డీవీడీ వచ్చింది. దానికీ ఒక ఎక్స్ కావాలి కదా. పాత ఎక్స్ ఉండగా కొత్తది పుట్టించారు, పేరు మాత్రం అదే ఉంచారు. డీవీడీ 1ఎక్స్ అంటే సెకనుకు 1,385 కిలోబైట్లు. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 11,080. బ్లూ-రే వచ్చాక మూడో ఎక్స్ పుట్టింది, అది సుమారు 4,500. పేరు ఒకటే, తూకాలు మూడు.

మన తాతలకు ఇది కొత్త కాదు. పక్కా సేరు, కచ్చా సేరు ఉండేవి. కొనేటప్పుడు ఒక సేరు, అమ్మేటప్పుడు ఇంకో సేరు వాడే షావుకారును ఊరంతా తిట్టుకునేది. ఆ బాధ పడలేకే 1956లో చట్టం చేసి దేశం మొత్తానికీ కిలో తెచ్చుకున్నాం. సేరును వదిలించుకున్న జాతికి ఎక్స్ వచ్చి తగులుకుంది. కనీసం సేరుకు పక్కా, కచ్చా అని ముందో మాట ఉండేది. అడిగితే షావుకారు ఏ సేరో చెప్పేవాడు.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, ఒకప్పుడు కాంబో డ్రైవ్ అని ఒకటి ఉండేది. దాని నుదుటి మీద 52x32x52x16 అని రాసి ఉండేది, తాళం నంబరులాగా. మొదటిది సీడీ రాసే వేగం, రెండోది చెరిపి మళ్లీ రాసే వేగం, మూడోది చదివే వేగం, నాలుగోది డీవీడీ చదివే వేగం. నాలుగింట్లో చిన్నది 16. అన్నింట్లోకీ వేగం కూడా దానిదే, సెకనుకు 22 మెగాబైట్లు దాటుతుంది. ముందు వరసలో కాలర్ ఎగరేసుకుని కూర్చున్న 52 గారు ఎనిమిది మెగాబైట్ల దగ్గరే ఆగిపోతారు.

ఆ ఎనిమిది మెగాబైట్లైనా నిజమా అంటే, అక్కడికే వస్తున్నాను.

మీరు జాతరలో రంగులరాట్నం ఎక్కే ఉంటారు. బయటి వరస గుర్రం మీద కూర్చున్నవాడికి జుట్టు ఎగురుతుంది, లోపలి వరసలో కూర్చున్నవాడికి ఆవలింత వస్తుంది. రాట్నం తిరిగేది ఒకటే తిరుగుడు. సీడీ కూడా అంతే. మొదట్లో డ్రైవులు కాస్త నిజాయితీగా ఉండేవి. లోపలి అంచున నిమిషానికి 500 చుట్లు, బయటికి వచ్చేసరికి 200 చుట్లు, ఎక్కడున్నా సమాచారం ఒకే వేగంతో అందేలా తిరిగేవి. అంకెల పందెం మొదలయ్యాక ఆ మర్యాద వదిలేశారు. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకటే తిరుగుడు. సీడీ చదవడం లోపలి నుంచి మొదలవుతుంది కనుక లోపల 22ఎక్స్ దాకా వస్తుంది. బయటికి జరిగేకొద్దీ పెరిగి పెరిగి, ఆఖరి అంచున, ఇక చదవడానికి ఏమీ మిగలని చోట 52 అవుతుంది. పెట్టె మీద వేసింది ఆ ఆఖరి అంకెను. పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ‘మ్యాక్స్’ అని కూడా ఉంటుంది. ఆషాఢం సేల్ బ్యానర్ మీద 70% పక్కన ‘వరకు’ ఉన్నట్టు.

ఇదే పద్ధతిలో విజయవాడ నుంచి హైదరాబాదుకు ఒక బస్సు వేశారనుకోండి. పేరు 52ఎక్స్ సూపర్. ఎక్స్ అంటే ఎద్దుబండి. ఎద్దుబండి గంటకు నాలుగు కిలోమీటర్లు పోతే బస్సు 208 పోవాలి. బస్సు నుదుటి మీద ఆ అంకె తాటికాయంత ఉంటుంది. జనం ఎగబడి ఎక్కుతారు. ఎక్కగానే బస్సు కదలదు. ముందు నిలబడిన చోటే ఇంజిన్ బొయ్యిమని అరుస్తుంది. ఎందుకని అడిగితే వేగం అందుకుంటోంది అంటాడు కండక్టరు. ఆ తర్వాత 22తో బయల్దేరుతుంది. నందిగామ దాటేసరికి ముప్పై. సూర్యాపేట రానే వచ్చింది, ఇంకా నలభై దగ్గరే ఉంది. అక్కడ దిగాల్సిన పెద్దావిడ మూట సర్దుకుంటూ అడుగుతుంది.

"నాయనా, 52 ఎప్పుడొస్తుంది?"

"మీకు రాదమ్మా. మీ టికెట్టు సూర్యాపేట దాకే."

"బండి మీద రాశారుగా?"

"మ్యాక్స్ అని కూడా రాశాం, చదవండి."

కళ్లజోడు తెచ్చుకోనందుకు ఆవిడ తనను తానే తిట్టుకుంటూ దిగుతుంది. సగం నిండిన సీడీకి 52 ఎప్పటికీ రాదన్న సంగతి ఇదే. చౌటుప్పల్ దగ్గర చిన్న గుంత వస్తుంది, అంటే సీడీ మీద గీత. బస్సు ఠక్కున ఆగి, వెనక్కి వచ్చి, అదే గుంతను మళ్లీ దాటబోతుంది. కుదరదు. మళ్లీ వెనక్కి. ఈసారి ఎద్దుబండి వేగంతో. దాటింది! వెంటనే సిగ్గు లేకుండా మళ్లీ ఇంజిన్ బొయ్యి. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట... ఎంజీబీఎస్ గేటు కనిపించింది. ఆ గేటు లోపల, ప్లాట్‌ఫారానికి పది అడుగుల దూరంలో, బస్సు 208 అందుకుంటుంది. కండక్టరు లేచి నిలబడి, "చూశారా, 52!" అంటాడు. బస్సు ఆగిపోతుంది. ప్రయాణం అయిపోయింది.

2000కు ముందు సీడీ రైటర్లయితే ఇంకో ముచ్చట. దారిలో ఒక్క స్టాపులో ప్రయాణికులు అరక్షణం ఆలస్యంగా వచ్చినా బస్సు మొత్తాన్ని పాత ఇనుముకు వేసేవారు. అంటే కంప్యూటరు సమాచారం అందించడంలో కొంచెం తడబడితే సీడీ పాడైపోయేది. రాస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మౌస్ ముట్టుకోకూడదు, టెన్షన్. ఆ సీడీలు బాల్కనీలో పావురాలను తోలడానికి కట్టుకున్నాం.

ఇంతకీ పందెం 52 దగ్గర ఎందుకు ఆగిందో తెలుసా? బుద్ధి వచ్చి కాదు. 52లో తిరిగితే నిమిషానికి పదివేలకు పైగా చుట్లు. సీడీ అంచు గంటకు 235 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. ఆ ప్లాస్టిక్ పళ్లెంలో ఎక్కడైనా చిన్న చీలిక ఉంటే డ్రైవులోనే ముక్కలు ముక్కలుగా పేలేది. కెన్‌వుడ్ కంపెనీ వాళ్లు లేజర్‌ను ఏడు పాయలుగా చీల్చి, తక్కువ తిరుగుడుతోనే ఏడు వరసలు ఒకేసారి చదివించి 72 సాధించారు. అది తెలివి. మిగతావాళ్లు ప్లాస్టిక్ తిరగబడేదాకా తిప్పారు. చివరికి మనుషుల కంటే ప్లాస్టిక్కే ముందు ‘ఇక చాలు’ అంది.

ఇదంతా సరదాగానే చెప్పుకోవచ్చు. చెబుతూనే ఉన్నాను కూడా. కానీ నేను ఆ డ్రైవు కొనడానికి వెళ్లిన పని సరదాది కాదు.

మా అమ్మమ్మ మంగళహారతులు పాడేది. ఆవిడ పాడుతుండగా ఒక క్యాసెట్‌లో రికార్డు చేశాం, పదకొండు పాటలు. 2004లో దాన్ని ఒక స్టూడియోలో సీడీ కొట్టించాను. క్యాసెట్ మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాక అతను కట్టలోంచి పేరూ ఊరూ లేని బ్లాంక్ సీడీ ఒకటి లాగి, "52ఎక్స్ సార్, ఫుల్ స్పీడ్" అన్నాడు. మూడు నిమిషాల్లో చేతిలో పెట్టాడు. నేను మురిసిపోయాను! యాభై ఏళ్లు పాడిన గొంతును మూడు నిమిషాల్లో చుట్టేశాడని మురిసిపోయిన మూర్ఖుణ్ణి నేను. ఆ క్యాసెట్ మీద మా బావమరిది సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. సీడీలో ఉందిగా బావా, అన్నాడు.

ఎంత వేగం, ఎంత వేగం, ఎంత వేగం. ఇరవై ఏళ్లు అదొక్కటే అమ్మారు మాకు. ఆ సీడీ లోపల ఉండేది ఒక పలచటి రంగు పూత, దాని మీదే లేజర్ రాస్తుంది. ఎండకీ వేడికీ ఆ పూత చెడుతుంది. బొమ్మ వైపు గోరు గీసుకున్నా అద్దం పొర లేచి వస్తుంది. ఇది తయారుచేసినవాడికి తెలుసు, అమ్మినవాడికీ తెలిసే ఉంటుంది. ఎన్నాళ్లుంటుందో ఒక్క ముక్క రాయలేదు ఆ సీడీ మీద! పది పైసల మందుబిళ్ల మీద కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. 52 అని రాయడానికి చోటు దొరికినవాడికి, పదేళ్లలో ఇది పోవచ్చు, ఇంకో కాపీ తీసి పెట్టుకో అని రాయడానికి చోటు దొరకలేదా? ఎవడికి కావాలిరా మీ వేగం? ఆవిడ పాడింది 1ఎక్స్‌లో. మేం విన్నది 1ఎక్స్‌లో. ఎంత ఎక్స్‌లో రాసినా వినేటప్పుడు దిగాల్సింది ఆ ఒకటి దగ్గరికే కదా!

సరే. డ్రైవు ఇంటికి తెచ్చి తగిలించాను. సీడీ పెట్టగానే బొయ్యిమంది. ఆగింది. మళ్లీ తిరిగింది, టిక్ టిక్ అంది, ఆగింది. పది నిమిషాల తర్వాత విసిగి, మెల్లగా, నాలుగుకో రెండుకో దిగింది. మొదటి పాట వచ్చింది. రెండోది సగం వచ్చింది. మూడో దాంట్లో పాటకు ముందు అమ్మమ్మ దగ్గి, "మంచినీళ్లు ఇవ్వరా" అనడం స్పష్టంగా వినిపించింది. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

అక్కడ దారి బాగుందనుకున్నట్టుంది డ్రైవు. మళ్లీ బొయ్యిమని వేగం అందుకుంది.