నలభై నాలుగు లక్షల అమ్మాయి

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కొర్లపహాడ్ టోల్ గేటు దాటిన కాసేపటికి ఎడమ వైపున ఒక అమ్మాయి కనిపిస్తుంది. నల్ల కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, తల కొద్దిగా పక్కకు వంచి, రెండంతస్తుల ఎత్తున నిలబడి ఉంటుంది. ఆమె పక్కన ఆమెకంటే పెద్దగా 44 అనే అంకె, దాని కింద ‘లక్షల ప్యాకేజీ’ అన్న మాట, ఆ కింద ఒక ఇంజినీరింగ్ కాలేజీ పేరు. నేను ఆమెను మొదటిసారి చూసింది 2022లో. అప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ ఆమె అదే కోటులో, అదే నవ్వుతో, అదే ఉద్యోగంలో కొత్తగా చేరుతూనే ఉంది. హోర్డింగు అడుగున సంవత్సరం ఉన్నచోట మాత్రం ఏటా ఒక కొత్త స్టిక్కరు అంటిస్తున్నారు. నాలుగేళ్ళుగా ఒక్క ఇంక్రిమెంటు కూడా ఇవ్వని ఆ కంపెనీ మీద కార్మిక శాఖ ఇంతవరకూ ఎందుకు చర్య తీసుకోలేదో నాకు అర్థం కావడం లేదు.

ఆ కాలేజీ అబద్ధమాడిందని నేను అనడం లేదు. నిజాలను ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో తెలిసినవారికి అబద్ధంతో పనేముంటుంది? ఆ అమ్మాయికి ఎప్పుడో ఒకప్పుడు నలభై నాలుగు లక్షల ఉద్యోగం వచ్చిన మాట వాస్తవమే అయి ఉంటుంది. ఊళ్ళో ఒకాయనకు కోటి రూపాయల లాటరీ తగిలితే ‘మా ఊరి ఆదాయం కోటి రూపాయలు’ అని పొలిమేరలో బోర్డు నాటడం కూడా ఆ లెక్కన వాస్తవమే. ‘ఇన్ని వందల ఆఫర్లు’ అన్నదీ వాస్తవమే. కాకపోతే మూడు కంపెనీలు పిలిచిన ఒక్క కుర్రవాడు అక్కడ ముగ్గురు కుర్రవాళ్ళుగా లెక్కకు వస్తాడు. ఒకే పిల్లకు మూడు సంబంధాలు వచ్చినంత మాత్రాన మూడు పెళ్ళిళ్ళు చేశానని చెప్పుకునే తండ్రి మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా పుట్టలేదు గానీ, కాలేజీ యాజమాన్యాల్లో మాత్రం అటువంటి పెళ్ళిపెద్దలకు కొదవ లేదు. ఇక ‘నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్లు’ అన్న మాటకు ముందు ‘అర్హులైన విద్యార్థులకు’ అని ఒక ముక్క ఉంటుంది. దాన్ని చదవాలంటే కారు ఆపి, దిగి, హోర్డింగు స్తంభం ఎక్కాలి. అర్హులంటే ఎవరు? ఉద్యోగం వచ్చినవారు.

మన ఉన్నత విద్యలో సత్యం నివసించే చోటు బ్రాకెట్టు. డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీతో సమానమన్న గుర్తింపు, ఉన్న సంస్థలు తమను తాము యూనివర్సిటీ అని పిలుచుకోకూడదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, విశ్వవిద్యాలయాల మంచిచెడ్డలు చూసే యూజీసీ ఆదేశాలిచ్చింది. ఆ హోదా సంగతి పేరు తరువాత బ్రాకెట్లలో రాసుకోవచ్చు. నాటి నుంచి ఆ బ్రాకెట్లలోని అక్షరాలు చీమలబారులా తయారై, పేరు మాత్రం ఏనుగులా మిగిలింది. బ్రాంచీల విషయంలో ఇదే బ్రాకెట్టు కామధేనువు. కంప్యూటర్ సైన్స్ అని రాసి పక్కన బ్రాకెట్లో ఏఐ అని పెడితే ఒక కోర్సు, డేటా సైన్స్ అని పెడితే ఇంకో కోర్సు, సైబర్ సెక్యూరిటీ అంటే మరొకటి. ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024–25 నుంచి ఎత్తివేయడంతో ఈ పాడికి అడ్డే లేకుండా పోయింది. సివిల్, మెకానికల్ బ్రాంచీలు బ్రాకెట్టు దొరక్క దిక్కులేనివైపోయాయి.

గ్రేడ్ల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. కాలేజీల నాణ్యతను తనిఖీ చేసి గ్రేడు వేసే నాక్ వారు నాలుగుకు 3.51, ఆపైన తెచ్చుకున్న సంస్థకు ఏ ప్లస్ ప్లస్ ఇస్తూ వచ్చారు. అది బ్లడ్ గ్రూపు కాదని మా బావకు నచ్చజెప్పేసరికి నాకు తాతలు దిగివచ్చారు. 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణపై నాక్ తనిఖీ బృందం అధ్యక్షుణ్ణీ, సభ్యులనూ సీబీఐ అరెస్టు చేసింది. నగదుతో పాటు బంగారం, సెల్‌ఫోన్లు, లాప్‌టాప్‌లు కూడా చేతులు మారాయన్నది సీబీఐ మాట. నేరం తేల్చవలసింది కోర్టు. నేను తేల్చుకోలేకపోతున్నది వేరే ఉంది: లాప్‌టాప్ ఏ ప్లస్సు కింద వస్తుంది, బంగారం ఏ ప్లస్సు కింద వస్తుంది? ఇక విద్యాసంస్థలకు కేంద్ర విద్యాశాఖ ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు వస్తే, వంద దాటిన తరువాత విడివిడి ర్యాంకులుండవు, రెండు వందల దాకా యాభైమందిని ఒక్కో గంపలో వేసి అక్షరక్రమంలో పేరుస్తారు. 151 నుంచి 200 దాకా ఉన్న గంపలో పడ్డ కాలేజీ ‘దేశంలోని అగ్రశ్రేణి 200 సంస్థల్లో ఒకటి’ అని రాసుకుంటుంది. ‘ఏ’ అక్షరంతో పేరు మొదలుపెట్టిన దూరదృష్టి గల వ్యవస్థాపకుల మాట చెప్పనక్కరలేదు.

1937లో న్యూయార్కులో కొందరు విద్యావంతులు ప్రచార విశ్లేషణకని ఒక సంస్థ పెట్టి, జనాన్ని బుట్టలో వేసే ఉపాయాలు ఏడని తేల్చారు. గొప్పవారి కీర్తిని తమ సరుకుకు అంటించడం, ‘నేనూ మీలాంటివాణ్ణే’ అనడం, అందరూ ఇటే వస్తున్నారని తొందరపెట్టడం, పేకముక్కలను తమకు అనువుగా పేర్చడం వంటివన్నమాట. హిట్లర్ల, ముస్సోలినీల కాలంలో ప్రజలు మోసపోకూడదని వారు పడ్డ శ్రమ అది. ఆ ఏడింటినీ ఒక్క గ్లాసు మజ్జిగ తాగే వ్యవధిలో ప్రదర్శించగల మనిషిని వారు చూడలేదు. నేను మొన్న మే నెలలో కోదాడ దగ్గర మా అక్కావాళ్ళ ఊళ్ళో చూశాను. ఆయన్ని పీఆర్వో అంటారు.

మా మేనకోడలు ఇంటర్ పాసయింది. ఫలితాలు వచ్చిన గంటలోపే మా బావకు పదకొండు ఫోన్లు వచ్చాయి. మా పిల్ల మార్కులు మాకంటే ముందు ఆ పదకొండుమందికి ఎలా తెలిశాయన్నది అప్రస్తుతం. పన్నెండోవాడు ఫోను చేయకుండా నేరుగా మధ్యాహ్నం మూడు గంటల ఎండలో స్కూటీ మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, మెడలో ఐడీ కార్డు. అరుగు మీద కూర్చోగానే కాలేజీ మాట ఎత్తలేదు, మిర్చి ధర అడిగాడు. “మా నాన్న కూడా మిర్చే వేస్తాడన్నా. ఈసారి తాలు ఎక్కువొచ్చింది. రైతు కష్టం రైతుబిడ్డకే తెలుస్తుంది,” అన్నాడు. మా బావ మెత్తబడిపోయాడు. మజ్జిగ వచ్చింది.

అప్పుడు సంచి తెరుచుకుంది. అందులోంచి కాలేజీ పేరున్న ఒక పెన్ను, ఒక స్టీలు నీళ్ళ సీసా, చేతికి బరువుగా తగిలే ఒక బ్రోచరు బయటికి వచ్చాయి. బ్రోచరు అట్ట మీద అబ్దుల్ కలాం నవ్వుతున్నారు. ఆయన 2015లోనే కన్నుమూశారు, ఈ కాలేజీ గేటు ముందునుంచి ఎన్నడైనా వెళ్ళారో లేదో తెలియదు గానీ, అడ్మిషన్ల బాధ్యత నుంచి ఆయనకు ఇంకా విముక్తి దొరకలేదు. లోపలి పేజీల్లో ఒక సినిమా హీరో, కొత్త పాట విడుదల చేయడానికి వచ్చినప్పటి ఫొటో. ఆ తరువాతి పేజీలో ఎవరో తెల్లదొరతో చైర్మన్ గారి కరచాలనం, కింద ‘అంతర్జాతీయ ఒప్పందం’. ఆ తరువాత ట్యాబు బయటికి తీసి డ్రోన్ వీడియో వేశాడు. ఆకాశం నుంచి భవనాలు, పచ్చిక, ఒక చెరువు, చెరువులో బాతు. తరగతి గది ఒక్కటి కూడా కనిపించలేదు. బహుశా అది ఆకాశం నుంచి కనిపించదేమో. చివర్లో టోల్ గేటు దగ్గరి అమ్మాయి వచ్చింది.

మా బావ తెలివైనవాడు. లెక్క చూడకుండా ఏదీ ఒప్పుకోడు. ఎరువుల బిల్లు వెనక్కి తిప్పి, ఆ కొత్త పెన్నుతోనే నలభై నాలుగు లక్షలను పన్నెండుతో భాగించాడు. నెలకు 3,66,666 రూపాయలు వచ్చింది. దాని కింద రెండు గీతలు గీశాడు.

“సార్, ఈ పిల్లకు ఇచ్చినట్టు మా పిల్లకు కూడా ఇస్తారా?”

“ఎందుకివ్వరన్నా! మీ పాప ఆమెకంటే షార్పు,” అన్నాడు పీఆర్వో. మా మేనకోడలు అతనికి పరిచయమై అప్పటికి ఇరవై నిమిషాలయింది, అందులో ఆ పిల్ల మాట్లాడింది ‘నమస్తే సార్’ అన్న రెండు మాటలు. “మీ ఊరి నుంచి ఇప్పటికే నలుగురు చేరారు. కాకపోతే ఏఐ బ్రాంచిలో సీట్లు అయిపోయాయన్నా... ఒక్క నిమిషం,” అని లేచి, వేపచెట్టు కిందికి వెళ్ళి, చైర్మన్ గారితో ఫోనులో చాలా వినయంగా మాట్లాడి వచ్చాడు. మేనేజ్‌మెంట్ కోటాలో ఒకే ఒక్క సీటు మిగిలిందట. సాయంత్రం ఆరింటి దాకా మా కోసం ఆపుతారట. ఆ చివరి సీటు ఆ పూట మా వీధిలో ఇంకో రెండిళ్ళలో కూడా మిగిలిందని రాత్రి అన్నాల వేళకు తెలిసింది. ఆ రెండిళ్ళవారికీ ఊళ్ళో ఇప్పటికే చేరిన నలుగురిలో మేమూ ఉన్నామట.

“సీటు బ్లాక్ చేయాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలన్నా. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ. నా దగ్గర భద్రంగా ఉంటాయి,” అన్నాడు. మా బావ బీరువా తాళం కోసం లోపలికి వెళ్ళాడు.

అరుగు మీద నేనూ అతనూ మిగిలాం. ఏం సబ్జెక్టు చెబుతారని మాటవరసకు అడిగాను. డేటా స్ట్రక్చర్స్ అన్నాడు. ఎం.టెక్. చేశాడట. జూన్ లోపు పది అడ్మిషన్లు తేవాలట, ఇప్పటికి మూడయ్యాయట. పది నిండేదాకా రెండు నెలల జీతం ఆపి ఉంచారట. బి.టెక్. ఎక్కడ చదివారని అడిగితే బ్రోచరు మీది పేరు చూపించాడు. “ఇక్కడే సార్. నా ప్లేస్‌మెంటు కూడా ఇక్కడే అయింది,” అన్నాడు, ఎటో చూస్తూ.

ఇంతవరకూ నవ్వుతూ రాసుకొచ్చాను. ఇకమీదట నాచేత కాదు. రెండేళ్ళు కష్టపడి పై చదువు చదివిన ఒక అధ్యాపకుడు వేసవి సెలవుల్లో పాఠం తయారు చేసుకోవలసిన పూట, గడప గడపకూ తిరిగి మిర్చి ధరలు వల్లెవేస్తూ, తన జీతం తనకు రావడానికి ఇంకొకరి బిడ్డను తెచ్చి అప్పగించాలి. ఏ తండ్రి ముందు ఈ రోజు అబద్ధపు ఫోను మాట్లాడాడో, ఆ తండ్రి కూతురికే రేపు బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పాలి. ఆ పిల్ల ఇతన్ని ఏ ముఖంతో గురువు అనుకోవాలి? ఇతని ముఖాన్ని ఇలా చేసినవారెవరు? ప్రకటనలకు కోట్లు పెట్టే యాజమాన్యానికి ఈ మనిషి రెండు నెలల జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రమే పొదుపు గుర్తుకొస్తుంది.

ఆ సర్టిఫికెట్ల సంగతి మరీ ఘోరం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా తీసుకుంటారు. వెబ్ కౌన్సెలింగ్‌లో, ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే కన్వీనర్ కోటాలో వేరేచోట మంచి సీటు వచ్చి, మా కాగితాలు మాకివ్వమని వెళితే, నాలుగేళ్ళ ఫీజూ కట్టి తీసుకుపొమ్మంటారు. బంగారం తాకట్టు పెట్టుకునే వడ్డీ వ్యాపారి కూడా నగ తీసుకున్నాక డబ్బు చేతిలో పెడతాడు. ఇక్కడ నగా మనమే ఇవ్వాలి, డబ్బూ మనమే కట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల పన్నెండేళ్ళ చదువును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినవాణ్ణి పట్టుకుని ‘విద్యాదాత’ అని సన్మానపత్రాలు చదువుతున్నాం. సిగ్గు ఎవరికుండాలి?

ఆ రోజు మమ్మల్ని కాపాడింది మా అక్క. బీరువా తాళం ఆమె కొంగున ఉంది. బయటికి వచ్చి, “జిరాక్సులు ఇస్తాం సార్, కావాలంటే రెండు సెట్లు ఇస్తాం. ఒరిజినల్స్ మాత్రం గడప దాటవు,” అంది. మా బావ ఆమె వైపు గుర్రుగా చూశాడు. పీఆర్వో మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మా బావకు వినిపించనంత మెల్లగా, “మంచి పని చేశారక్కా,” అని స్కూటీ ఎక్కాడు. పది అడ్మిషన్లలో మాది కాకుండా పోయినందుకు అతని మీద జాలి కలగడం నా బలహీనత.

ఆ రాత్రి మా బావ అలిగాడు. ఒక్క సీటు, ఆరింటి దాకా, నెలకు మూడు లక్షల అరవై ఆరు వేలు, అని కాసేపటికొకసారి పైకి అనుకుంటూ మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. నేను ఫోనులో ఆ కాలేజీ వెబ్‌సైటు తెరిచాను. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుకు పోటీపడే ప్రతి కాలేజీ ఒక పత్రం సమర్పించాలి, దాన్ని తన వెబ్‌సైటులోనూ పెట్టాలి. ఈ కాలేజీ కూడా పెట్టింది, నాలుగు మెనూలు దాటి, మూలన. చదివితే అందులో బాతు లేదు, కలాం లేరు. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అన్న గడులున్నాయి. మధ్యస్థమంటే, ఉద్యోగం వచ్చినవారందరినీ జీతం వరసన నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే పిల్లవాడిది. ఉద్యోగం రానివారికి ఆ వరసలో చోటు లేదు. ఆ అంకెను ఎవరూ మార్చకుండా, బ్యాంకు చెక్కు మీద రాసినట్టు పక్కనే అక్షరాల్లో కూడా రాసి, చివర ‘మాత్రమే’ అని ముగిస్తారు.

ఫోను మా బావ ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మూడు లక్షల అరవై వేల రూపాయలు మాత్రమే, అని నెమ్మదిగా కూడబలుక్కున్నాడు. దిండు కింది నుంచి ఎరువుల బిల్లు తీసి, వెనక్కి తిప్పి, రెండు గీతలు గీసిన అంకె పక్కన పెట్టి చూశాడు. ఆరు వేల ఆరు వందల అరవై ఆరు రూపాయలు తేడా. ముఖం కాస్త విప్పారింది.

“ఫరవాలేదురా, పెద్ద తేడా ఏం లేదు,” అన్నాడు. “ఇది కూడా నెలకేగా?”