చలి గోల సరే, ఉప్పు సంగతి ఎవరు చెబుతారు?

అట్లాంటిక్ ప్రవాహాల మీద ఏదైనా కొత్త పరిశోధన రాగానే మన యూట్యూబ్ ఛానెళ్లకు పండగే. "గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతోంది, యూరప్ గడ్డకట్టిపోతుంది" అని ఎర్రక్షరాల శీర్షిక, వెనకాల మంచులో కూరుకుపోయిన లండన్ బొమ్మ. ఆ శీర్షికలో మొదటి సగం తప్పు. రెండో సగం అసలు కథలో ఒక చిన్న ముక్క.

అమెరికా తూర్పు తీరం వెంబడి పారే వెచ్చని ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్. దాన్ని నడిపేది ప్రధానంగా గాలి. గాలి వీస్తూ, భూమి తిరుగుతూ ఉన్నంతకాలం అది ఎక్కడికీ పోదు. శాస్త్రవేత్తల దిగులు అమోక్ (AMOC) అనే, అట్లాంటిక్ అంతటా నీరు తిరిగే పెద్ద చక్రం గురించి. వెచ్చగా, ఉప్పగా ఉన్న నీరు పైపైన ఉత్తరానికి వెళ్లి, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ చుట్టుపక్కల తన వేడిని గాలికి వదిలేసి, బరువెక్కి, రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి మళ్లీ దక్షిణానికి మళ్లుతుంది. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఇలా కదిలేది సెకనుకు దాదాపు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసేది ఇందులో పదో వంతు కూడా ఉండదు.

చల్లబడితే చాలు, నీరు మునిగిపోతుందనుకుంటారు చాలామంది. చాలదు. ఉత్తర పసిఫిక్‌లో చలికేం తక్కువ? కానీ అక్కడ పైనీటిలో ఉప్పు తక్కువ, అందుకే అక్కడ ఇంత లోతుకు మునగదు. అట్లాంటిక్‌లో ఉప్పుంది, ఆ ఉప్పును తెచ్చిపెట్టేది కూడా ఈ ప్రవాహమే. చిక్కంతా అక్కడే. గ్రీన్‌లాండ్ ఈ శతాబ్దంలో ఏటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నుల మంచు కోల్పోతోంది. ఆ మంచినీరు తేలిక కాబట్టి పైనే పరచుకుంటుంది, వరదల కాలంలో గోదావరి నీరు బంగాళాఖాతం మీద తేలినట్టే. దాంతో మునక తగ్గుతుంది. మునక తగ్గితే ప్రవాహం మందగిస్తుంది, అది మందగిస్తే దక్షిణం నుంచి వచ్చే ఉప్పు తగ్గుతుంది, ఉప్పు తగ్గితే మునక ఇంకా తగ్గుతుంది. ఈ విషవలయాన్ని అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టొమ్మెల్ 1961లోనే, సముద్రాన్ని రెండు పెట్టెల నీళ్లనుకుని వేసిన లెక్కతో చూపించారు. అరవై ఏళ్లు దాటినా మనవాళ్లు ఇంకా మంచులో లండన్ బొమ్మ దగ్గరే ఉన్నారు!

మరి వేడి సంగతి? ఆ అక్షాంశం దగ్గర అట్లాంటిక్ ఉత్తరానికి మోసే వేడి సుమారు 12 లక్షల గిగావాట్లు. ప్రపంచంలోని విద్యుత్ కేంద్రాలన్నిటి సామర్థ్యానికి వంద రెట్ల పైమాటే. అందులో చాలా భాగం ఈ చక్రం పనే. అది నెమ్మదిస్తే ఆ వేడి మాయమవదు, దక్షిణాన పోగుపడుతుంది. దానితోపాటు ఉప్పు కూడా. భూమి అంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన మాత్రం సముద్రంలో ఒక చల్లని మచ్చ మిగిలింది. ఉత్తరానికి అందే వేడి తగ్గిందనడానికి దాన్నే గుర్తుగా చూపుతారు. అందులో గాలులకు, మేఘాలకు కూడా వాటా ఉందనేవాళ్లున్నారు, ఉండవచ్చు. 2009-10లో చక్రం కొన్నాళ్లు 30 శాతం దాకా తగ్గినప్పుడు న్యూయార్క్‌కు ఉత్తరాన తీరంలో సముద్రమట్టం పది సెంటీమీటర్లకు పైగా లేచింది.

ఇది యూరప్ గొడవ, మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. ఉత్తరానికి వేడి అందకపోతే ఉష్ణమండలపు వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. సుమారు 12,900 ఏళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్ హఠాత్తుగా చల్లబడినప్పుడు మన రుతుపవనాలు బలహీనపడ్డాయి. అరేబియా సముద్రం అడుగున పేరుకున్న మట్టిలో ఆ ఆనవాళ్లున్నాయి.

ఇక తేదీల పందెం. 2023లో డెన్మార్క్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు, తోబుట్టువులు, ఈ చక్రం ఈ శతాబ్దం మధ్యలోనే కూలవచ్చన్నారు. 2025లో మరో బృందం, దక్షిణ మహాసముద్రపు గాలులు దాన్ని పూర్తిగా ఆగనివ్వవని చెప్పింది. ఎవరికి కావలసింది వారు పట్టుకుని ఊరేగుతున్నారు. చక్రం మొత్తాన్ని నేరుగా, ఎడతెగకుండా కొలవడం మొదలైంది 2004లో. ఆ కొలతలో ఒక భాగం ఫ్లోరిడాకు, బహామాస్‌కు మధ్య సముద్రం అడుగునున్న టెలిఫోన్ తీగ నుంచి వచ్చింది. భూమి అయస్కాంత క్షేత్రంలో ఉప్పునీరు కదిలితే ఆ తీగలో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది, దాన్ని బట్టి ఎంత నీరు పోతోందో లెక్కగడతారు. ఆ అయస్కాంత క్షేత్రమే మెల్లగా మారుతోందని గుర్తించి 2024లో లెక్క సరిచేస్తే, తగ్గుదల అనుకున్నంత లేదని తేలింది. "చూశారా, అంతా బూటకం" అని కొందరు చంకలు గుద్దుకున్నారు. తమ కొలతను తామే తప్పుపట్టి దిద్దుకునేవాళ్లను నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతారు?

నన్నడిగితే తేదీల కన్నా 34 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద కన్నేయడం మేలు. ఆఫ్రికా కొసన, అట్లాంటిక్‌లోకి ఈ చక్రం మంచినీటిని తెస్తోందా, బయటికి పంపుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. బయటికి పంపుతుంటే అట్లాంటిక్‌కు ఉప్పును తెచ్చిపెట్టేది ఈ చక్రమే అన్నమాట; అది మందగిస్తే ఉప్పూ తగ్గుతుంది, అంటే స్టొమ్మెల్ చెప్పిన వలయం బిగుస్తున్నట్టు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2024లో ముందస్తు హెచ్చరికగా సూచించింది దీన్నే. వాళ్ల లెక్క ప్రకారం అది ఇప్పటికే చెడ్డ దిశలో కదులుతోంది.