రెండు మిల్లీమీటర్లకు నా శనివారం బలి

రాత్రి పదకొండున్నర. మారతహళ్లిలో మా హాల్లో నేల మీద కూర్చుని కంప్యూటర్ కేస్ పక్క పలకను మోకాలితో అదుముతున్నాను. మూడు వైపులా బుద్ధిగా కూర్చుంది. నాలుగో వైపు రెండు మిల్లీమీటర్ల సందు వదిలి వెక్కిరిస్తోంది.

"ముందే కొలుచుకోవలసింది" అని వ్యాఖ్య రాయబోతున్న మహానుభావులు కాస్త ఆగండి. నెల రోజులు కాగితం మీద గీసుకున్నాను. 11 లీటర్ల చిన్న కేస్, 170 మిల్లీమీటర్ల మదర్‌బోర్డు, నీటితో చల్లబరిచే ఏర్పాటు. ఆ నీటి వేడిని బయటకు వదిలే రేడియేటర్‌కూ ఫ్యాన్లకూ కలిపి 54 మిల్లీమీటర్ల చోటు ఉందని కేస్ కంపెనీ రాసింది. రేడియేటర్ మందం 27, ఫ్యాన్ మందం 25. మొత్తం 52. రెండు మిగులు. ఒకటో తరగతి కూడిక.

ఇప్పుడు మందం కొలిచే కాలిపర్ పెట్టి చూస్తే రేడియేటర్ 28.1. పెయింటు మందం పుణ్యమట. ఫ్యాన్ మూలల్లో అదురు తగ్గడానికి రబ్బరు ముక్కలు అంటించారు, వాటితో కలిపి 26.2. స్క్రూ తలలు ఇంకో ఒకటిన్నర. కేస్ లోపల చోటేమో 53.8. ఎవరూ పెద్ద తప్పు చేయలేదు పాపం, తలా కాస్త తప్పారు. ఆ తలా కాస్తా నా నెత్తిన కలిసింది.

దుకాణానికి ఫోను చేస్తే "ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ మామూలే సార్" అన్నాడు. అటూ ఇటూనా? ఒక్కసారైనా ఇటు వచ్చిందా నాయనా? ఎప్పుడూ అటే!

ఇదే బెంగళూరులో పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లి, రేకుల షెడ్డులో లేత్ దగ్గర నిలబడ్డ కుర్రాడి చేతికి డ్రాయింగు ఇవ్వండి. టాలరెన్స్ ఎంత, అంటే కొలత ఎంతవరకు అటూ ఇటూ కావచ్చు అని అడగకుండా మిషన్ ఆన్ చేయడు. గుంటూరులో మా అమ్మకు జాకెట్లు కుట్టే ఆయన రేపు లావైతే విప్పుకోవడానికి లోపల గుడ్డ వదులుతాడు. వేలకు వేలు పుచ్చుకునే కంపెనీలకు మాత్రం "సుమారుగా" అన్న ఒక్క మాట పెట్టె మీద రాయడానికి చోటు చాలదు. 240 మిల్లీమీటర్లని పేరు పెట్టిన రేడియేటర్ చివర్ల ట్యాంకులతో కలిపి 270 దాటుతుంది. పేరుకే 240, మా ఊళ్లో ఆరడుగుల మనిషిని బుల్లోడని పిలిచినట్టు.

పలక మూసుకోకపోతే రబ్బరు బ్యాండు వేసి బతకవచ్చు. నీటి గొట్టాల సంగతి అలా కాదు. గట్టి గొట్టం ఒక మిల్లీమీటర్ పొడవైతే ఫిట్టింగ్ వంకరగా కూర్చుంటుంది, నీళ్లు కారకుండా ఆపే లోపలి రబ్బరు వలయం, అదే ఓ-రింగ్, ఒక పక్కే నొక్కుకుంటుంది, నీళ్లు తిన్నగా గ్రాఫిక్స్ కార్డు మీదకు. ఆ కార్డు ధర ఇక్కడ చెప్పను, మా ఆవిడ నా పోస్టులు చదువుతుంది.

అసలు ఈ ఊళ్లో కాగితం మీది కొలత ఎప్పుడు నిజమైంది? ఈ ఫ్లాటు అమ్మేటప్పుడు 1,240 చదరపు అడుగులన్నారు. సూపర్ బిల్టప్ అట! లిఫ్టూ, మెట్లూ, నేను జన్మలో పడుకోని వాచ్‌మన్ గదీ అందులోనే. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, చెప్పి తీరాలని 2016లో రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం వచ్చింది. చెప్పారు, చీమ తలకాయంత అక్షరాల్లో. వంటింట్లో ఫ్రిజ్‌కు వదిలిన గూట్లో ఫ్రిజ్ పడుతుంది, దాని తలుపే తెరుచుకోదు. ఏడేళ్లుగా అది హాల్లోనే ఉంది. ఇప్పుడు కూడా దానికే వీపు ఆనించి కూర్చున్నాను. ఆ రోజు కూడా మా బావమరిది ఇదే అన్నాడు: "కొలుచుకోవలసింది బావా." వాడు ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు, సుఖంగా.

సరే, 25 బదులు 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాన్లు వేస్తే సరిపోతుంది. అవి ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. కానీ నా దగ్గరున్నవి 30 మిల్లీమీటర్ల స్క్రూలు. సన్న ఫ్యాన్‌కు అవే బిగిస్తే ఇంకో పది మిల్లీమీటర్లు లోపలికి దూరి రేడియేటర్ గొట్టాన్నే పొడుస్తాయి. 20 మిల్లీమీటర్లవి ఏ దుకాణంలో ఉన్నాయో తెలిసినవాళ్లు చెప్పండి. 20 అంటే 20. అటూ ఇటూ చెప్పేవాళ్లు దయచేసి అటే ఉండండి.