మనసు వెన్నే అంటారు, సాక్ష్యం ఏదీ?

పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లు అబ్బాయి గురించి చెప్పే మాట ఒకటుంది: "పైకి గంభీరంగా ఉంటాడు గానీ మనసు వెన్నండీ." రొమాన్స్ నవలలు సగం ఈ ఒక్క మాట మీదే బతుకుతున్నాయేమో. నవ్వడు, పొగడడు, అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి వెళ్లిపోతాడు. బయట ఇలాంటివాడు తగిలితే "వీడికేంటి ఇంత పొగరు" అనుకునే మనమే, పుస్తకంలో మాత్రం వాడికోసం రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటాం.

ఆడవాళ్లకి పొగరుబోతులే నచ్చుతారని తేల్చేసేవాళ్లున్నారు. బద్ధకపు జవాబు అది. నచ్చేది పొగరు కాదు, దాని వెనక ఏముందో కూపీ లాగే పని.

1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'నే తీసుకోండి. అందులో హీరో డార్సీ, హీరోయిన్ ఎలిజబెత్‌ని మొదటిసారి చూసినప్పుడే, ఆమెకి వినపడేలా, పర్వాలేదు గానీ నన్ను కదిలించేంత అందం కాదనేస్తాడు. తర్వాత అతని మనసు మెత్తబడుతున్న సంగతి రచయిత్రి మనకి అక్కడక్కడా చెప్పేస్తుంది, ఎలిజబెత్‌కి మాత్రం చెప్పదు. ఆమెకి నమ్మకం కుదరడం మొదలయ్యేది అతని తియ్యటి మాటలతో కాదు. ముందు అతను రాసిన ఉత్తరం, ఆ తర్వాత అతని ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దావిడ మాట: అతని నాలుగేళ్ల వయసు నుంచి చూస్తున్నాను, నన్ను ఒక్క విసురు మాట అనలేదు అంటుందావిడ. పెళ్లిళ్ల పేరయ్య చెబితే నమ్మం గానీ, ఇంట్లో పనిచేసే మనిషి చెబితే ఎందుకు నమ్మం?

మన దగ్గర యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతికీ రాజశేఖరం ఓ పట్టాన అర్థం కాడు. ఆ నవల చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయేదాకా చదివిన ఇళ్లలో మగాళ్లు ఎలా ఉండేవాళ్లో గుర్తుందా? మా నాన్న నేను ఎదురుగా కూర్చునే ఉన్నా, "అది తిందా?" అని అమ్మనే అడిగేవారు. ఆ రెండు ముక్కల్లో కోపమెంత, ప్రేమెంత అని లెక్క కట్టడం అమ్మకి రోజువారీ పని, దానికి జీతమూ లేదు, జవాబు సరైందో కాదో చెప్పేవాళ్లూ లేరు. నవలలో ఉంటారు. అక్కడ మౌనం వెనక ఏదో ఉందని రచయిత్రి గ్యారంటీ. బయట చాలాసార్లు మౌనం వెనక ఉండేది మౌనమే.

ఇప్పుడు యాప్‌లలో వచ్చే సీరియల్స్‌కి ఆ ఓపిక తక్కువ. ఈమధ్య ఒకటి మొదలుపెట్టాను. మూడో భాగంలోనే హీరో తన మనసులో మాటంతా తనే చెప్పేసుకున్నాడు: చిన్నప్పుడు అమ్మ వదిలేసి వెళ్లడం, ఆ గాయం, అందుకే ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం, అన్నీ. అక్కడే ఆపేశాను. హీరోయిన్‌కి అప్పటికింకా అతని పేరు కూడా తెలీదు.