మజా పోలేదు, పద్ధతి ప్రకారం తీసేశాం

"హైదరాబాద్‌లో ఇదివరకటి మజా లేదండీ" అనే మాట ఈమధ్య మరీ ఎక్కువైంది. కోకాపేటలో ముప్ఫై రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి ఒకాయన అంటాడు. న్యూజెర్సీ నుంచి మూడు వారాల సెలవు మీద దిగిన ఇంకొకాయన శంషాబాద్‌లో కారు ఔటర్ ఎక్కకముందే అంటాడు. చిరిగిన జేబులోంచి జారిపోయిన చిల్లరేదో అన్నట్టు మాట్లాడతారు. ఇది అన్యాయం. మజా దానంతట అది ఎక్కడికీ పోలేదు. ముప్ఫై ఏళ్లు కష్టపడి, ప్రణాళికలు వేసి, టెండర్లు పిలిచి, ఒక్కో భాగం ఊడదీశారు. ప్రభుత్వాలు మారినా పని ఆగలేదు. బాల్కనీలోని పెద్దమనిషి కూడా తన వాటా ఖర్చు నెలనెలా మెయింటెనెన్స్ కింద కడుతూనే ఉన్నాడు. ఇంత చేసినవాళ్ల పేరు ఎత్తకుండా 'పోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? పని ఎలా జరిగిందో, ఎక్కడ సరిగ్గా కుదరలేదో రాసి పెట్టుకోవడం మన బాధ్యత. వరంగల్, విజయవాడ, విశాఖ వాళ్లకూ పనికొస్తుంది. వాళ్లు ఇప్పటికే మొదలుపెట్టారు గానీ పద్ధతి తెలియక తిప్పలు పడుతున్నారు.

మొట్టమొదట తీయాల్సింది కుర్చీ.

ఇరానీ హోటల్ సామగ్రి అందరికీ తెలిసిందే. పాలరాతి బల్ల, దాని చుట్టూ నాలుగు వంపుల చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు, గల్లాపెట్టె దగ్గర ఒక గంభీరమైన మనిషి. చాయ్‌కి రెండు గిన్నెలు. ఒకదాంట్లో డికాక్షన్ మూత బిగించుకుని సన్న సెగ మీద మగ్గుతుంటుంది. రెండోదాంట్లో పాలు చిక్కబడేదాకా మరుగుతుంటాయి. రెండూ మొదటిసారి కలుసుకునేది కప్పులోనే. పక్కన ఉప్పూ తీపీ ఏదో తేల్చుకోలేని ఉస్మానియా బిస్కెట్. మజా అంతా ఆ గిన్నెల్లో ఉందని అమాయకులు అనుకుంటారు. అసలు మజా నాలుగో కుర్చీది. ముగ్గురు కూర్చున్న బల్ల దగ్గరికి ముక్కూమొహం తెలియనివాడొచ్చి, అడక్కుండా కూర్చుని, మీ పేపర్లోంచి మధ్య పేజీ లాక్కుని, మీరు మాట్లాడుతున్నదాంట్లో తప్పు పడతాడు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు కూర్చున్న రోజుల్లో ఆ నాలుగో కుర్చీ దర్జాయే వేరు. ఎంత దర్జా ఉంటే అంత ప్రమాదం అన్నమాట. తీయక తప్పదు.

తీయడానికి లెక్క చాలు, బుల్డోజర్ అక్కర్లేదు. చాయ్ ఇరవై రూపాయలనుకుందాం. మనిషి ముప్పావు గంట కూర్చుంటాడు. నలుగురికీ కలిపి బల్ల మీద 80 రూపాయలు. పన్నెండు గంటలు ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా నడిచినా పదహారు దఫాలు, 1,280. పది బల్లలకు 12,800. అందులోంచి పాలు, గ్యాస్, కరెంటు, పనివాళ్ల జీతాలు తీసేశాక మిగిలేది, అదే మూల మీద సెల్‌ఫోన్ల షోరూం ఇస్తానన్న అద్దె ముందు నిలబడదు. మూల స్థలాలు వాస్తుకు పనికిరావని స్థానికులు వదిలేస్తే ఇరానీలు తీసుకున్నారని ఊళ్లో ఒక మాట ఉంది. గజం రేటు పెరిగాక ఆ దోషం ఏ శాంతీ చేయకుండానే పోయింది.

హోటల్ పూర్తిగా మూయనక్కర్లేదు కూడా. కుర్చీలు తీసేసి ఛాతీ ఎత్తున గుండ్రటి స్టీలు బల్లలు పెడితే సరిపోతుంది. నిలబడ్డవాడు ఆరేడు నిమిషాల్లో కప్పు దించేస్తాడు. ఆరేడు నిమిషాల్లో ఏ వాదమూ తెగదు. 1983 ఎన్నికల గురించి మొదలుపెడితే నామినేషన్ల ఘట్టం దాటకముందే కప్పు అడుగు కనబడుతుంది. బల్ల లెక్క కూడా ఆరేడు రెట్లు మెరుగవుతుంది.

ఇక్కడ ఒక లోపం మాత్రం ఒప్పుకోవాలి. తీసిన మజాని మళ్లీ పెట్టాలని మాల్స్‌లో కొందరు ప్రయత్నించారు. వంపుల కుర్చీలు పాత సామాన్ల కొట్ల నుంచి కొనుక్కొచ్చారు. అద్దాలు తగిలించారు, చార్మినార్ బ్లాక్ అండ్ వైట్ ఫోటో పెట్టారు, చాయ్ రేటు పదింతలు చేశారు. అన్నీ కుదిరాయి. అడక్కుండా వచ్చి కూర్చునేవాణ్ని మాత్రం సరఫరా చేయలేకపోయారు. వచ్చినా సెక్యూరిటీ వాళ్లు లేపేస్తారు.

రెండో భాగం సినిమా హాలు. ఇందులో సాంకేతికంగా మనవాళ్లు చేసిన పని చూసి తీరాలి.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి కూతవేటు దూరంలో ఉంటాయి. ఇనుప గొట్టాల మధ్య క్యూ, బుకింగ్ కిటికీకి పిడికిలి పట్టేంత కన్నం, అందులో ఒకేసారి మూడు చేతులు, బయట బ్లాక్ టికెట్ వాడి నోట్లోంచి గాలిలా వచ్చే రేటు. ఇదంతా సినిమా మొదలవకముందే. లోపల వెయ్యిమందికి పైగా. ఇంతమంది ఒకే గదిలో ఉంటే తెరమీద హీరో ఊరికే అటు తిరిగినా పిడుగు పడ్డట్టుంటుంది. మజా సాంద్రత విపరీతం. విరుగుడు విభజన. వెయ్యిమందిని ఐదు గదుల్లోకి రెండొందల చొప్పున పంచితే, ఒక గదిలో నవ్వు పక్క గదికి వినబడదు. గోడల్లో అందుకు వేరే మెత్తలు ఉంటాయి. ఆ తర్వాత వాలుకుర్చీ. ఇది చాలా లోతుగా ఆలోచించి చేసిన ఏర్పాటు. ఈల వేయాలంటే నడుము నిటారుగా ఉండాలి, ఊపిరి పొట్టలోంచి తన్నుకురావాలి, నాలుక మడవాలి. కాళ్లు చాపుకుని వెల్లకిలా పడుకున్నవాడికి వచ్చేది ఆవులింతే. కాయితాలు చించి ఎగరేద్దామంటే టికెట్టు ఫోన్లో ఉంది.

సికింద్రాబాద్ సంగీత్‌ని కూల్చేశాం. అమీర్‌పేట సత్యం ఉన్నచోట 2023లో మల్టీప్లెక్సు లేచింది. మల్టీప్లెక్సుల్లో టికెట్టు రేటుకు పరిమితి పెట్టాం కాబట్టి ఉత్కంఠ మొత్తం పాప్‌కార్న్ కౌంటర్ దగ్గరికి మారింది. అక్కడ బిల్లు చేతికొచ్చినప్పుడు మనిషి మొహం చూడండి, పాతరోజుల ఇంటర్వెల్ ముందు సీను గుర్తొస్తుంది. పెద్ద హీరో సినిమా విడుదల రోజు క్రాస్‌రోడ్స్‌లో పాత జబ్బు ఇంకా తిరగబెడుతోంది. గమనిస్తున్నాం.

రవాణా విషయంలో ప్రగతి మరీ సంతోషకరం. 7 జెడ్ డబుల్ డెక్కర్ అని ఒకటి సికింద్రాబాద్ నుంచి జూపార్క్‌కి వెళ్లేది. పైఅంతస్తు ముందు సీటు కోసం ఆఫీసు గుమాస్తాలూ, స్కూలు పిల్లలూ, మేకపిల్లతో ఎక్కిన ముసలామె కూడా సమాన హక్కుతో కొట్లాడేవారు. నడపడం ఖర్చని, ఫ్లైఓవర్లు అడ్డమని 2000ల తొలినాళ్లలో తీసేశాం. 2023లో మళ్లీ తెచ్చాం, ఈసారి ఎలక్ట్రిక్, ఏసీ. పనిమీద వెళ్లేవాడెవడూ ఎక్కకుండా ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల పర్యాటకులను తిప్పే ఏర్పాటు చేశాం. దానికి గమ్యం లేదు కాబట్టి ఆలస్యం అనే సమస్యే రాదు.

అదే ఏడాది ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల 'ఫార్ములా ఈ' రేసు జరిపాం. ఊళ్లో ఉత్సాహం తగ్గిందన్నవాళ్ల నోరు మూయించడానికి విదేశాల నుంచి తెప్పించాల్సి వచ్చింది. 2.8 కిలోమీటర్ల ట్రాక్, చుట్టూ కాంక్రీటు దిమ్మెలు, ఇనుప వలలు. చప్పుడు చేయని కార్లు. రేసు గంటలోపే అయిపోయింది గానీ దానికోసం మూసిన రోడ్లు రోజుల తరబడి జనానికి గుర్తున్నాయి. వలకి ఇవతల ఖైరతాబాద్ చౌరస్తాలో, ఒక చేతిలో గ్యాస్ సిలిండర్ పట్టుకుని రాంగ్‌ రూట్లో వస్తున్న టీవీఎస్ మోపెడ్‌ను ఏ టీవీ చానలూ ప్రసారం చేయలేదు. నైపుణ్యం ఎక్కడుందో చూసేవాడికి తెలుస్తుంది. మరుసటి ఏడాది రేసు రద్దయింది, మోపెడ్ రద్దు కాలేదు.

మెట్రో సంగతి మరీ సున్నితం. మజా తీసే క్రమంలో ఒక భాగంలో ఇంకా మిగిలి ఉంటే, అది మిగతా భాగానికి అంటుకోకుండా చూడాలి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా దాకా వేస్తామన్న లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర ఆగింది. అక్కడినుంచి ఫలక్‌నుమాకి ఐదున్నర కిలోమీటర్లు. దారుల వెడల్పు, కట్టడాలు, స్థలసేకరణ, ఖర్చు అని కారణాలు చెబుతారు. నిపుణులకు అసలు సంగతి తెలుసు. మిగిలిన మజాలో ఎక్కువ వాటా ఉన్నది పాతబస్తీలోనే. తెల్లవారుజామున నహారీ, చార్‌కోనీ నాన్, రంజాన్ రాత్రుల్లో హలీం భట్టీల చుట్టూ అర్ధరాత్రి దాటినా తగ్గని జనం. ఐటీ కంపెనీల రాయదుర్గం నుంచి మెట్రోలో వచ్చి అక్కడ దిగే వీలు ఉండి ఉంటే పరిస్థితి ఊహించండి. ఐటీ ఉద్యోగి సోమవారం మీటింగ్‌లో వేలికి మసాలా వాసనతో కనబడేవాడు.

రాత్రి విషయానికొస్తే, ఇందులో ప్రభుత్వం రెండు చేతులతో పనిచేసింది. 2023లో దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని జీవో ఇచ్చింది. జీవో చదివిన పాన్‌షాపు యజమాని రాత్రి పదకొండు దాటాక లైటు వేసుకుని కూర్చుంటే, వీధి చివర పెట్రోలింగ్ బండి మైకు "బంద్ కరో, బంద్ కరో" అంటుంది. రెండూ ఒకే ప్రభుత్వానివి. అంతర్జాతీయ సదస్సులో చూపించడానికి ఒకటి, వీధిలో వినిపించడానికి ఒకటి. ఈ రెండింటి మధ్య షట్టర్ సగం దించి, కింది నుంచి సిగరెట్లు అందించే దుకాణదారుడి గుండె వేగం కొలిస్తే ఊళ్లో ఉత్కంఠ చావలేదని రుజువవుతుంది.

ఇక అసలు విజయం కోకాపేట. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఎకరానికి 4,840 గజాలు. గజం రెండు లక్షల ఎనిమిది వేలు. మిర్చిబజ్జీ బండి నిలబడటానికి మూడు గజాలు కావాలి, అంటే ఆరు లక్షల ఇరవై నాలుగు వేల నేల. ప్లేటు ముప్ఫై చొప్పున, శనగపిండి, నూనె ఉచితంగా వచ్చినా, 20,800 ప్లేట్లు అమ్మితే గానీ నేల ధర రాదు. బజ్జీలవాణ్ని ఎవరూ తరమలేదు. లెక్కే తరిమింది. బండి లేకపోతే దాని చుట్టూ గుంపు ఉండదు, గుంపు లేకపోతే పుకారు ఉండదు, పుకారు లేని పేటలో సాయంత్రం ఏడింటికి మనిషి చేసేది ట్రెడ్‌మిల్ ఎక్కడమే.

పైగా ఎత్తు. కూరగాయల బండి అమ్మ కేక మూడో అంతస్తు దాకా ధరతో సహా అందుతుంది. ఐదో అంతస్తుకి ధర పోయి పేరు మిగులుతుంది. పదిహేను దాటితే అది ఎవరో దేనికో అరుస్తున్నారన్న సమాచారం, దాని మీద వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు. బోనాలు క్లబ్‌హౌస్‌లో ఆరు నుంచి తొమ్మిది. పోతరాజుకి గేటు దగ్గర ఓటీపీ. కొరడా లోపలికి అనుమతించాలా వద్దా అన్నది కమిటీ పరిశీలిస్తుంది. ఆ గ్రూపులోనే, ఆ ఫిర్యాదు కిందనే, రాత్రి పదింటికి ఎవరో ఒకరు రాస్తారు: "ఏమైనా మన చిన్నప్పటి సిటీ మజా లేదండీ." నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు.

ఇంత చేసినా కొన్నిచోట్ల పని పూర్తికాలేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు ఇంకా ఫుట్‌పాత్ మీదే పరుస్తున్నారు. కారణం తేలికే. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి మెట్లు ఖాళీ. వారమంతా దుకాణాలు తెరిపిస్తే సమస్య తీరుతుంది. జీవో ఎలాగూ ఉంది.

నుమాయిష్ ఎగ్జిబిషన్ మాత్రం మొండిది. 1938లో మొదలైంది, ఇప్పుడు మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో. దుమ్ము, తోపులాట, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు, కశ్మీరీ శాలువావాడు రెండువేలన్నది ఆరొందలకి అడిగి, "నక్కో భాయ్" అని నాలుగడుగులు ముందుకేసి, వెనక్కి పిలిచేదాకా ఆగడం. మజా తీసేందుకు కావలసిన ఏ సరంజామా అక్కడ బిగించడానికి వీల్లేదు. నలభై ఆరు రోజులే కాబట్టి ఎకరం లెక్క దాని మీద పనిచేయదు. మైదానం నడిపే సొసైటీ వచ్చిన డబ్బు కాలేజీలకు పెడుతుంది కాబట్టి లాభం చూపించి మాట్లాడటమూ కుదరదు.

ఆశ మాత్రం ఉంది. మొన్న జనవరిలో కోకాపేట బాల్కనీల నుంచి చాలామంది కుటుంబాలతో వెళ్లారు. మూడు గంటలు నలిగారు, శాలువాలు కొన్నారు, పిల్లలు జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టారు, మిర్చిబజ్జీలు పేపర్లో తిన్నారు. ఇంటికెళ్లి గ్రూపులో అంతా బాగుందని రాస్తూ, వచ్చే ఏడాదికి మూడు సూచనలు చేశారు. ఏసీ హాలు, ఫిక్స్‌డ్ రేట్లు, వాలే పార్కింగ్. సూచనలు అందాయి. సంబంధిత శాఖకు పంపాం.