ఇచ్చట సున్నా చుట్టడం నేర్పబడును

దేశంలోని పరిశ్రమాధిపతులకు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్పూర్ నుంచి ఒక విన్నపం. నికర సున్నా, అంటే గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువుకూ వెనక్కి తీసుకున్నదానికీ చెల్లుకు చెల్లు చేయడం, మీకు కొరుకుడు పడడం లేదని తెలిసి బాధపడ్డాం. 2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం 2070ని గడువుగా చెప్పుకుంది. అప్పటికి మీలో ఎవరూ కుర్చీలో ఉండరు కనుక దిగులు లేదు. కానీ మధ్యలో తొందరపెట్టేవాళ్లు బయలుదేరారు. మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలను షేర్ మార్కెట్ల మీద నిఘా ఉంచే సెబీ పొగ లెక్కలు చూపమంటోంది. యూరప్ వాళ్లు 2026 జనవరి నుంచి ఉక్కు, సిమెంటు, అల్యూమినియం వంటి దిగుమతి సరుకుల మీద, తయారీలో వదిలిన పొగను బట్టి, కర్బన సుంకం మొదలుపెట్టారు. ఇంత ఆపదలో సలహా కోసం లండన్ దాకా పరుగులు పెట్టడం దేనికి? మా జిల్లా ఒకసారి సున్నా సాధించి చూపించింది.

2015 ఏప్రిల్ 1న చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. ఆ తేదీని ఎంచినవారికి ముందుచూపు ఉండి ఉండాలి. ఆరేళ్లపాటు కాగితం మీద జిల్లాలో మద్యం అమ్మకాలు సున్నా. ఆ ఆరేళ్లలో మా మామయ్యకు సరిహద్దు అవతల తెలంగాణలో ఉన్న కాగజ్‌నగర్‌లోని బంధువుల మీద పుట్టిన ప్రేమ అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. వారానికి రెండుసార్లు రైలెక్కి వాళ్ల యోగక్షేమాలు కనుక్కుని, స్తంభాలు పట్టుకుంటూ ఇల్లు చేరేవారు. ఇక్కడి లెక్కల్లో ఆయన తాగలేదు. అక్కడి జనాభాలో ఆయన లేరు. అంటే ఆయన తాగినది ఈ భూమండలంలో ఎవరి ఖాతాకూ ఎక్కలేదు. అక్రమ రవాణా పెరిగిపోయిందని 2021 మేలో మంత్రివర్గం నిషేధం ఎత్తేసింది కానీ, మామయ్య కనిపెట్టిన విద్య చెక్కుచెదరలేదు. కఠిన నిబంధనలున్న దేశం నుంచి ఫ్యాక్టరీ పొగ సడలింపున్న దేశానికి జారుకోవడాన్ని పెద్ద చదువుల వాళ్లు కర్బన లీకేజీ అంటారు. మేము చుట్టరికం అంటాం.

కంపెనీ పొగ లెక్కల్లో మూడు గీతలుంటాయి. మొదటి గీతలో సొంత చిమ్నీ, సొంత బండ్లు. రెండో గీతలో కొన్న కరెంటు. మూడో గీతలో సరుకు ఇచ్చేవాళ్లు, మోసేవాళ్లు, కొని వాడేవాళ్లు. చాలా కంపెనీల పొగలో సింహభాగం మూడో గీతలోనే ఉంటుంది కనుక దాని సంగతి వచ్చే ఏడాది చూసుకుంటారు. ఇక్కడి ఒక కంపెనీ తన సొంత లారీలు నాలుగింటిని మా బావకు అమ్మి, మళ్లీ వాటినే కిరాయికి పెట్టుకుంది. ఆ ఏడాది నివేదికలో మొదటి గీత పొగ తగ్గింది. ఆకుపచ్చ అట్ట, లోపల నవ్వుతున్న పాప బొమ్మ. అవే లారీలు, అదే డ్రైవరు.

"మరి ఈ పొగ ఎవరిది బావా?" అన్నాను.

"నాదే అనుకో. నన్ను అడిగిందెవరు?" అన్నాడు.

కరెంటు సంగతి ఇంకా కమ్మగా ఉంటుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఇక్కడి నుంచి ముంబయి దగ్గరి పడ్ఘే దాకా 752 కిలోమీటర్ల ప్రత్యేక లైను వేశారు. కరెంటు అటు, బూడిద ఇటు. అక్కడి అద్దాల మేడ వాళ్లు రాజస్థాన్ ఎండతో తీసిన కరెంటునే వాడినట్టు చూపే పత్రం కొని గోడకు తగిలించుకుంటే వాళ్ల రెండో గీత తళతళలాడుతుంది. ప్లాంటు పక్కనే కాపురముండే మా అక్క డాబా మీద ఆరేసిన వడియాలు మాత్రం నల్లగానే ఉంటాయి. ఎండ అంటారా, మే నెలలో 46, 47 డిగ్రీలు. పత్రం అక్కర్లేకుండానే దొరుకుతుంది.

ఇక చెట్లు. మా జిల్లా జివతి తాలూకాలో సరిహద్దు తేలని 14 గ్రామాలున్నాయి. మహారాష్ట్ర మావంటుంది, తెలంగాణ మావంటుంది. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. వాళ్లు తెలివి చేసింది లేదు, గీత గీసినవాళ్లే తేల్చలేదు. మీరు చేయవలసిందల్లా అక్కడ ఒక వేప మొక్క నాటడం. మహారాష్ట్ర ఒకసారి లెక్క రాసుకుంటుంది, తెలంగాణ ఒకసారి, నాటిన మీరు ఒకసారి, మీ దగ్గర కర్బన క్రెడిట్, అంటే ఆ చెట్టు పీల్చిన పొగను తన ఖాతాలో తగ్గించుకునే పత్రం, కొన్నవాడు ఒకసారి. ఒక్క మొక్క, నాలుగు నీడలు. మేక తినేలోపు ఫోటో తీయించండి.

టీ కొట్టు దగ్గర కూర్చునే ఒక రిటైర్డ్ సిమెంటు ఇంజనీరు మాటలు మాత్రం చెవిన పెట్టకండి. సున్నపురాయి కాలితే ఆ రాయిలోంచే సగానికి పైగా పొగ వస్తుంది, పైన ఎన్ని సోలార్ పలకలు బిగించినా అది ఆగదు అంటాడు. క్లింకర్, అంటే ఆ రాయిని కాల్చి చేసే సిమెంటు గడ్డలు, తగ్గించి, ఈ థర్మల్ బూడిదే 35 శాతం దాకా కలిపి అమ్మవచ్చు, ప్రమాణాలే ఒప్పుకుంటాయి అంటాడు. లారీ అమ్మేసినా దాని పొగను మీ పద్దులోనే రాయమంటాడు. 2070 మాట మాని ఈ ఏడాది టన్నులు చెప్పమంటాడు. అంతటితో ఊరుకోడు. ఎండీ గారి బోనసును చిమ్నీకి కట్టమంటాడు, పొగ దిగితేనే బోనసు దిగాలట! ఇంత మొరటు మనిషికి పెన్షన్ ఎలా వస్తోందో తెలియదు.

మామయ్య మీకు సలహాదారుగా రావడానికి ఒప్పుకున్నారు. నిషేధం ఎత్తేశాక ఖాళీగానే ఉన్నారు. ఫీజు మీరు ఎంత ఇస్తే అంత. సమావేశం మాత్రం కాగజ్‌నగర్‌లో పెట్టమంటున్నారు. బంధువులను చూసి చాలా రోజులైందట.