అమ్మకం ముందు, అనుమతి తర్వాతా?

ఐదు గుంటల ఫామ్ ప్లాట్, చుట్టూ ఫెన్సింగ్, శ్రీగంధం మొక్కలు కంపెనీయే పెంచుతుంది. హైదరాబాద్‌లో ఎవరి ఫోన్ చూసినా ఇవే మెసేజ్‌లు. ఐదు గుంటలంటే 605 గజాలు. అందులో సాగయ్యేదేముంది? అది ఇంటి స్థలమే. సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చే నాలా కన్వర్షన్ లేకుండా, లేఔట్ అనుమతి లేకుండా, పార్కుకు ఒక్క గజం వదలకుండా పొలం పేరుతో అమ్ముతున్నారు.

20 గుంటలకు తక్కువగా ఫామ్ ప్లాట్లు అమ్మరాదన్న నిబంధన ఉంది. వాటిని కొనొద్దని హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కూడా 2025లో జనాన్ని హెచ్చరించింది. మరి అమ్మేవాడి సంగతేమిటి? నలుగురి పేరిట 20 గుంటలు ఉమ్మడిగా రాయించి, లోపల కడీలు (హద్దు రాళ్లు) పాతి ఎవరి ముక్క వారికి చూపిస్తున్నారు. కాగితం మీద పొలం, నేల మీద వెంచర్.

షాద్‌నగర్, చేవెళ్ల, యాచారం దారుల్లో వెళ్తే తెలుస్తుంది. మొన్నటిదాకా వరి పండిన మడిలో మోకాలెత్తు మొరం పోసి రోలర్ తిప్పుతారు. గట్టు పోతుంది, దానితోపాటే కుంటకు నీళ్లు తెచ్చే కాలువా పూడిపోతుంది. ఇక పక్క రైతు చేలో వానాకాలమంతా నీళ్లు నిలబడతాయి. కుంట నిండదు కాబట్టి యాసంగికి అతని బోరు వట్టిపోతుంది. అతను ప్లాటు అమ్మలేదు, కొనలేదు.

కష్టార్జితం పెట్టి కొన్న చిన్న ఉద్యోగులు నష్టపోతారు కదా అని కొందరి వాదన. వారి బాధ నిజమే. కానీ వారిని అడ్డం పెట్టుకుని బయటపడేది వెంచర్ వేసినవాడే.

మా భయమల్లా మరో ఎల్ఆర్ఎస్ గురించే, అంటే అక్రమ లేఔట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం గురించే. 2007లో ఒకటి, 2015లో ఒకటి, 2020లో ఇంకొకటి తెచ్చారు. ఆఖరిదానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో దాని ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చారు. అక్రమ లేఔట్‌లో 2020 నాటికి పదో వంతు ప్లాట్లు అమ్ముడై ఉంటే, మిగిలినవీ క్రమబద్ధం చేసుకోవచ్చన్నారు. అనుమతి తీసుకుని, పార్కుకు స్థలం వదిలి, ఫీజులన్నీ కట్టినవాడికి దక్కిన రాయితీ ఏమిటి? జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో 84 గ్రామాలకు పెట్టిన 111 జీవో నిర్మాణ ఆంక్షలనూ ఇలాగే ఉల్లంఘించనిచ్చి, 2022లో వాటిని ఎత్తేస్తూ జీవో ఇచ్చారు. ముందు కట్టేయ్, తర్వాత చూసుకుందాం అన్నవాడే ప్రతిసారీ గెలుస్తున్నాడు.

ఫామ్ ప్లాట్లకు ఏనాటికీ క్రమబద్ధీకరణ ఉండదని ప్రభుత్వం ఇప్పుడే జీవో ఇవ్వాలి. ఉమ్మడి వాటాల ముసుగులో సాగుతున్న రిజిస్ట్రేషన్లు ఆపాలి. కేసులు కొన్నవారిపై కాదు, వెంచర్ వేసినవారిపై పెట్టాలి. సాగుకు యోగ్యం కాని భూములను రైతు భరోసా పెట్టుబడి సాయం నుంచి తీసేయడానికి 2025 జనవరిలో రోజుల వ్యవధిలో ఊరూరా సర్వే చేయించారు. రైతు ఖాతాలోకి పోయే సొమ్ముకు అంత చురుగ్గా కదిలిన యంత్రాంగం, రోడ్డు పక్కన వరసగా పాతిన కడీలు తమకు కనిపించలేదంటే ఎవరు నమ్మాలి?